పేరు ఉంచు, గొంతు తియ్యి

జమ్మలమడుగు,
ఫిబ్రవరి 18

తన్మయీ,

ఉత్తరం చూసి నవ్వుకుంటావని తెలుసు. నా ఫోను బస్సు దిగేటప్పుడు చేతిలోంచి జారి చక్రం కింద పడింది. ఇంట్లో ఉండేది నాయన బటన్ల ఫోను ఒక్కటే. అది పొద్దున్నే మందతో పాటు చేలకు పోతుంది. పక్కింటివాళ్ళు ఫోను ఇస్తారు కానీ మాట్లాడినంతసేపూ పక్కనే నిలబడి వింటారు. అందుకే కాగితం. మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే కాబట్టి, నీ జవాబు గూట్లో తెరిచి పెట్టినా భయం లేదు.

పులివెందులలో హాస్టల్ ఖాళీ చేసి వారమైంది. గేమ్ జామ్ జరిగిన హాలు రొద ఇంకా చెవుల్లోనే ఉంది. రెండు రోజుల్లో ఒక ఆట తయారు చేయాలంటే మనవల్ల అవుతుందని నువ్వు తప్ప ఎవరూ నమ్మలేదు, నాతో సహా. నిద్ర మానుకొని చేసిన పని అయినా, తలకు ఆ వీఆర్ హెడ్‌సెట్ తగిలించుకోగానే శనగ కోసిన నల్లరేగడి చేను, చుట్టూ చీకటి, మధ్యలో మా మంద. తోడేళ్ళు వస్తాయి, తుపాకీతో కాల్చాలి. మీట నొక్కితే కాపరి కేక వినిపిస్తుంది, చెదిరిన గొర్రెలు వచ్చి ఆడేవాళ్ళ చుట్టూ చేరతాయి. నాకు తెలిసిన లోకం నాకు తెలియని పెట్టెలో కనిపించేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హెడ్‌సెట్ ఉండబట్టి ఎవరూ చూడలేదు.

ఆడినవాళ్ళు రాసిచ్చిన అభిప్రాయాల కాగితాలు నీ సంచిలోనే ఉండిపోయాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు రాసి పంపు. మంచివి మాత్రమే ఏరి పంపొద్దు. బాగాలేదన్న మాటలే నాకు ముఖ్యం.

ఇంకో సంగతి. ఆ కేక మా నాయనది. నాలుక మడిచి మొదలుపెట్టి గొంతు లోపల ముగిస్తాడు. అది నాయనకు వాళ్ళ నాయన, మా జేజినాయన నుంచి వచ్చింది. పెన్నలో నీళ్ళ దగ్గర నాలుగు మందలు కలిసిపోయినా, కాపరులు ఎవరి కేక వాళ్ళు వేస్తే ఎవరి గొర్రెలు వాళ్ళ వెంట విడిపోతాయి. మా ఇంట్లో అన్నదమ్ములు వేరుపడితే మందను పంచుకుంటారు, కేకను పంచుకోరు. అది పెద్దవాడిది. మా చిన్నాయన తనకు కొత్త కేక అలవాటు చేసుకున్నాడు. నేను రికార్డు చేసిన రోజు నాయన అడిగాడు:

"ఇది యాడికి పోతాది మే?"

"యాడికీ పోదు నాయనా. కాలేజీలో రెండు దినాలు ఆడుకుంటారు, అయిపోతానే తుడిచేస్తాం."

"తుడిచేస్తామంటే సరే."

కాబట్టి ఆ గొంతు తీసెయ్. ఆట చివర వచ్చే పేర్లలో మాత్రం "గోవిందు, జమ్మలమడుగు" అని ఉంచు. మా వంశంలో రేషన్ కార్డు మీద తప్ప ఎవరి పేరూ ఎక్కడా అచ్చు కాలేదు. పేరు ఉంచు, గొంతు తియ్యి.

నీ కుసుమ

*

ప్రొద్దుటూరు,
మార్చి 2

కుసుమా తల్లీ,

తపాలా ఆయన కవరు చేతికిస్తుంటే మా నాన్నగారు నాకు బ్యాంకు ఉద్యోగమే వచ్చిందనుకొని దాన్ని తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టారు. అమ్మ కుంకుమ కూడా వేసింది. నీ ఉత్తరం మీద ఆ ఎర్రమరక అదే. విప్పి చూసి, "గొర్రెల సంగతా!" అని మా నాన్న పద్మనాభయ్యగారు మళ్ళీ పేపర్లో తల దూర్చేశారు.

ఇక నువ్వడిగిన కాగితాలు. ఏరకుండా రాస్తున్నాను, ఒట్టు.

జాకీర్: "తుపాకీ పేలితే చెయ్యి అదరాల. ఇది టీవీ రిమోటు మాదిరి ఉండాది."

పేరు రాయనివాడు: "తల తిరిగి పొద్దున తిన్న ఉగ్గాని బయటికొచ్చింది. అయినా ఐదుకు నాలుగు."

హెడ్‌సెట్ ఇచ్చిన మన సీనియర్ సుధన్వ: "తోడేళ్ళు కుక్కల్లా ఉన్నాయి." అవి కుక్కలే కదా, తోడేలు బొమ్మ ఉచితంగా దొరకలేదని ఆయనకు చెప్పలేదు.

ఫాతిమా: "నాకు కాల్చబుద్ధి కాలేదు. గొర్రెల మధ్య ఊరికే నిలబడుకుంటే బాగుంది."

ఇంకొకడు: "గొర్రెల్ని కూడా కాల్చనియ్యండి. బిర్యానీ అని పేరు పెట్టండి." చూశావా, ఇది కూడా రాశాను.

దాదాపు అందరూ రాసిన మాట ఒకటుంది. ఆ కేక వినగానే ఒళ్ళు జలదరించిందట. ఒకమ్మాయి దానికోసమే మళ్ళీ వరసలో నిలబడింది.

ఆటను హెడ్‌సెట్ లేకుండా ఫోనులో కూడా ఆడేట్టు మార్చి, అందరూ దింపుకునే ఒక సైటులో పెట్టాను, నీ పేరు ముందు వేసి. బాగా ఆదరణ వచ్చినవాటిని బెంగళూరు కంపెనీలు చూస్తాయట, ఇంటర్వ్యూకు కూడా పిలుస్తాయట. మనల్ని పిలిస్తే ఈ బ్యాంకు పరీక్షల పుస్తకాలన్నీ కట్టగట్టి అటక మీద పడేస్తాను. కేక సంగతి నేను చూసుకుంటాను.

నీ తన్మయి

*

జమ్మలమడుగు,
మార్చి 15

తన్మయీ,

ఉగ్గాని మాట చదివి నేనొక్కదాన్నే నవ్వుతుంటే అమ్మ భయపడింది. చదివి వినిపించాను. "పాపం, కడుపు కాలిందేమో బిడ్డకు" అంది మా లక్ష్మీదేవమ్మ.

చూసుకుంటాను అంటే తీస్తాననా? ఆ సైటులో ఎవరైనా ఆడుకోవచ్చంటే, అది కాలేజీలో రెండు రోజుల మాట కాదు. దాని బదులు ఈల పెట్టు, గంట పెట్టు. ఇక్కడ నాకు ఫోను లేదు, కంప్యూటర్ లేదు. నేను చూడలేను. నువ్వు చెప్పిందే నాకు తెలిసేది.

నీ కాగితాల్లో ఒకరి అభిప్రాయం లేదు. జామ్ ఆఖరి రోజు నాయన నాకు రాగిపిండి ఇచ్చిపోదామని వచ్చాడు కదా. సుధన్వ ఆయనకు హెడ్‌సెట్ తగిలించాడు. తుపాకీ కాల్చు పెద్దాయనా అంటే కాల్చలేదు. గొర్రెపిల్ల ఒకటి దూరంగా పోతుంటే కేకేస్తూ దాని వెంట నడిచాడు, బల్లకు మోకాలు కొట్టుకొని కూలబడ్డాడు. హాలంతా నవ్వింది. ఆయన హెడ్‌సెట్ తీసి ఏమన్నాడో ఎవరూ రాసుకోలేదు.

"ఈ గొర్రెలకు వాసన లేదు" అన్నాడు. "తోడేలును కాల్చేదేంటికి? అదిలిస్తే పోతాది. ఒగటి సచ్చినా మంద బెదురుతాది." ఆ తర్వాత హెడ్‌సెట్‌ను కింద పెట్టకుండా, పిల్లను అందించినట్టు రెండు చేతులతో సుధన్వకు ఇచ్చాడు.

ఇది కూడా కాగితాల్లో చేర్చు.

కుసుమ

*

పులివెందుల,
ఏప్రిల్ 20

కుసుమా,

తీసేశాను. సరేనా? మనసు కుదుటపడిందా?

నేను మళ్ళీ పులివెందులలో ఉన్నాను. సుధన్వ దగ్గర ఉన్న మంచి కంప్యూటర్ మీద కొత్త వెర్షన్ చేస్తున్నాను. నాన్నగారికి కోచింగ్ అని చెప్పి వచ్చాను. ఆట ఎంతమంది దింపుకున్నారో చెబితే నమ్మవు. మన జిల్లా పిల్లలైతే ఆడుతూ వీడియోలు తీసి పెడుతున్నారు.

ఆడినవాళ్ళు ఎక్కువగా అడిగింది ఒకటే, మనుషులు కావాలని. తోడేళ్ళతో విసుగొచ్చిందట. అందుకని గొర్రెల దొంగల్ని పెట్టాను, బండి వేసుకొని వస్తారు. చేను చివర తలగుడ్డ, గొంగడితో ఒక కాపరి బొమ్మ కూడా నిలబెట్టాను. మీ నాయనకు గుర్తుగా. దాన్ని నడిపించే తీరిక లేక ఊరికే నిలబెట్టాను, అంతే.

ఇప్పుడు కాగితాలు లేవు, అన్నీ సైటులోనే రాస్తున్నారు. అన్నీ కాపీ చేసి పంపాలంటే చెయ్యి పడిపోతుంది. మంచివే ఎక్కువ.

తన్మయి

*

జమ్మలమడుగు,
మే 3

తన్మయీ,

నీ మాట నాయనకు చెప్పాను, గొంతు తీసేసిందట అని. "మంచిది. ఆ బాపనోళ్ళ పాపకు సల్లగా జరగనీ" అన్నాడు. కాపరి బొమ్మ సంగతి చెబితే, "గొంగడి యా భుజాన ఉండాది?" అని అడిగాడు. ఎడమ భుజాన ఉండాలట, కుడి చెయ్యి కట్టెకు కావాలి కదా. వీలైతే మార్చు.

మంద మైదుకూరు వైపు పోయింది. కోసిన వరి మళ్ళలో ఆపుకుంటూ వచ్చే నెలకు పెద్దముడియం చేరుతుంది.

ఒక్కోసారి అనుకుంటాను, నువ్వు లేకపోతే ఆ హాల్లో నాతో ఎవరు జత కట్టేవాళ్ళని.

కుసుమ

*

జమ్మలమడుగు,
జూన్ 12

తన్మయీ,

మంద పోయింది.

నాయన పెద్దముడియం దగ్గర ఒక రైతు చేలో ఎరువు కోసం మంద ఆపాడు. మిట్టమధ్యాహ్నం సంగటి తిని, కాలువ కట్ట పక్కన తుమ్మచెట్టు నీడకు ఒరిగాడు. అమ్మ గిన్నెలు కడుగుతోంది. గొర్రెలు ఎండకు ఒకదాని కడుపు కింద ఒకటి తల పెట్టుకొని నిలబడి ఉన్నాయి. అప్పుడు కట్ట అవతల నుంచి కేక వినిపించింది. నాయన కేక. నాయన నోరు మూసుకొనే ఉన్నాడు.

గొర్రెలన్నీ ఒక్కసారి తల ఎత్తాయట. బారుగా కట్ట ఎక్కాయట.

నాయన లేచాడు కానీ పరుగెత్తలేదు. "లచ్చుమ్మా, మా నాయన వచ్చినాడే" అన్నాడట. లోకంలో తను కాక ఆ కేక వేసింది చచ్చిపోయిన మా జేజినాయన ఒక్కడే. చనిపోయిన పెద్దలకు పెట్టుకునే రోజు ఆకులో అన్నం వడ్డించి, తలుపు దగ్గరగా వేసి, వాళ్ళు తినేటప్పుడు చూడకూడదని బయట అటు తిరిగి నిలబడతాం కదా. నాయన అట్లాగే చేతులు జోడించి, కట్టకు వీపు పెట్టి నిలబడ్డాడు. తిరిగి చూడబోయిన అమ్మను భుజం పట్టి ఇటు తిప్పాడు.

"సూడొద్దు. మందను సూసుకోను వచ్చినాడు. ఆయనే మళ్ళ పంపిస్తాడు."

పెద్దలు అన్నం తినేంతసేపు నిలబడ్డారు. ఇంజను చప్పుడు విన్నాక అమ్మ కట్ట ఎక్కితే, లారీ తారురోడ్డు మీద ఉంది. కాలువ పక్కన ఒక కుంటి గొర్రె, పరుగెత్తలేక వెనకబడిన రెండు ముసలివి మిగిలాయి. చేలో గంపల కింద ఉన్న పిల్లలు తల్లుల కోసం రాత్రంతా అరిచాయి.

పోలీసు స్టేషన్లో ఎవరు తోలుకుపోయారని అడిగితే నాయన, "మా నాయన" అన్నాడు. రాసుకుంటున్నాయన కలం ఆపి నా వైపు చూశాడు. రికార్డింగు మాట నా నోటి దాకా వచ్చింది. నీ ఉత్తరం గుర్తొచ్చి మింగేశాను. తీసేశానన్నావు కదా.

నాయన అన్నం ముట్టడం లేదు. "కేకను మిషన్లో పెట్టిస్తి కదా, దానికి కోపమొచ్చి ఆయన మంద ఆయన తోలుకపాయ" అంటున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఇచ్చినా, నేనే ఇచ్చినా అని తననే అనుకుంటున్నాడు.

తీశావా? అవునా కాదా అని ఒక్క మాట రాయి. వేరే ఏదీ రాయొద్దు.

కుసుమ

*

పులివెందుల,
జూన్ 25

కుసుమా,

ఒక్క మాటలో రాయమన్నావు, నావల్ల కాదు.

మొదట తీశాను. నిజంగానే తీశాను. ఈల పెట్టాను. మరుసటి రోజుకే సైటంతా తిట్లు. ఆట చచ్చిపోయింది, కేక తిరిగి పెట్టండి అని. దింపుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఆడేవాళ్ళు ఏమంటున్నారో విని మార్చుకోవడమే మన పని అని జామ్ మొదటి రోజే చెప్పారు కదా, నువ్వే దాన్ని నోట్సులో రాసుకున్నావు. నేను విన్నాను. పెట్టాను. నీకు ఉత్తరం రాసిన రోజున తీసే ఉంది. ఆ తర్వాత పెట్టాను.

ఇప్పుడు తీసేశాను. దింపుకున్నవాళ్ళ దగ్గర, వీడియోల్లో ఉంటుంది. దానికి నేను ఏం చేయగలను?

దొంగగా ఆడే వీలు కూడా పెట్టానని నీకు చెప్పలేదు. అడిగారు, పెట్టాను. కేక మీట నొక్కితే మంద బండి దగ్గరికి వస్తుంది. అది ఆట, కుసుమా. కడప జిల్లాలో గొర్రెల దొంగతనం నా ఆటతోనే పుట్టిందా? మీ నాయన వెనక్కి తిరిగి చూసి ఉంటే దొంగలు కనపడేవాళ్ళు కదా? ఈ మాట రాయకూడదని తెలుసు. అయినా నువ్వు తప్పంతా నా వాకిట్లో పోస్తుంటే ఎంతసేపని ఊరుకోను?

ఇంకో మాట. ఆ రోజు హాలంతా నవ్విందని రాశావు. మీ నాయన కూలబడగానే అందరికంటే ముందు నవ్వింది నువ్వు. నీ నవ్వు విన్నాకే మేమంతా నవ్వాం. నీ ఉత్తరంలో అది లేదు.

వచ్చే నెల బెంగళూరు కంపెనీ ఇద్దరినీ ఇంటర్వ్యూకు పిలిచింది. వాళ్ళకు నచ్చింది ఆ కేకేనట. దాని ఆలోచన నీదని చెప్పాను. నువ్వు రాకపోతే నన్ను ఒక్కదాన్నే తీసుకోరు. నాన్నగారికి కోచింగ్ అబద్ధం తెలిసిపోయింది. నాకు వేరే దారి లేదు. ప్రొద్దుటూరు బస్టాండుకు వస్తే కలిసి పోదాం. కోపం ఉంటే బస్సులో తిట్టుకుంటూ రా.

తన్మయి

*

జమ్మలమడుగు,
జూలై 9

తన్మయి,

అవును, నేనే ముందు నవ్వాను. ఆయన నా తండ్రి అని అప్పటికి హాల్లో సగం మందికి తెలియదు. నవ్వితే తెలియకుండా పోతుందనుకున్నాను. అది రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే బస్టాండు దగ్గర రిహానా అక్క నెట్ సెంటర్‌కు పోయాను. సాయంత్రం దాకా కూర్చొని సైటులో ఆడినవాళ్ళు రాసినవన్నీ చదివాను. నువ్వు పంపనివి శానా ఉన్నాయి. "దొంగగా ఆడితేనే మజా." "కాపరిని కాల్చితే ఎక్కువ పాయింట్లు ఇయ్యండి." "ఈ గోవిందు ఎవరప్పా, జమ్మలమడుగులో నిజంగా ఉండాడా?" దాని కింద ఇంకెవరో, "ఉండాడు, నేను చూసినా, పెద్దముడియం దిక్కు మంద తిప్పుతాంటాడు" అని రాశారు. ఆ పేరు వేయమన్నది నేను. పేరు ఉంచు, గొంతు తియ్యి అన్నాను. నువ్వు రెండూ ఉంచావు.

ఒకరు ఇట్లా రాశారు: "కాపరి అటు తిరిగి నిలబడుకుంటాడు. దొంగలు మందను తోలుకొని పోతాంటే కూడా తిరగడు. తప్పు సరిచేయండి." దాని కింద నీ జవాబు ఉంది: "చూస్తాం, ధన్యవాదాలు."

కాపరి తిరగడన్న ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. రిహానా అక్క ఫ్యాను నా వైపు తిప్పి, "ఏందమ్మా, ఫెయిల్ అయినావా?" అని అడిగింది. అవును అన్నాను.

స్టేషన్‌కు మళ్ళీ పోయి రికార్డింగు సంగతంతా చెప్పాను. రాసుకున్నారు. గొర్రెలు ఈపాటికి ఏ సంతలో తెగి ఉంటాయో వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత నాయనకు చెప్పాను. ఆయన తనను తినేసుకుంటున్నాడు, జేజినాయనకు కోపం రాలేదని తెలిస్తే అన్నం ముడతాడనుకున్నాను. ఆట, సైటు, మీట, అన్నీ విడమరచి చెప్పాను. వాకిట్లో కూర్చొని విన్నాడు. అంతా అయ్యాక అన్నాడు:

"అయితే మా నాయన రాలేదా?"

లేదు అన్నాను.

"నేను మొక్కింది దొంగనాకొడుకులకా?"

అమ్మ లోపలికి పోయింది. కాసేపటికి ఆయనే మళ్ళీ, "నా గొంతుకే పోయినాయి. నా మాట విన్నాయి అంతే కదా మే, వాటి తప్పు లేదు" అన్నాడు. ఆ రోజు అన్నం తిన్నాడు. నేను కోరుకున్నది అదే. కానీ అప్పటి నుంచి కేక వేయడం లేదు. మిగిలిన మూడింటినీ, పిల్లల్నీ పెన్న ఒడ్డుకు రేకు డబ్బా కొట్టుకుంటూ తోలుకుపోతున్నాడు. దారిలో ఎదురైన కుర్రాళ్ళు ఆ కేకను ఫోనులో పెట్టి, "గోవిందు మామా, పలకవేంది?" అంటే తల వంచుకొని పోతాడట. ముసలి గొర్రెలు మాత్రం ఆ ఫోను వైపే పరుగెత్తుతాయట.

నేను ఇంటర్వ్యూకు రాను. నీ దారి మూసుకుపోతుందని రాశావు. మూసుకుపోనీ. ఈ మాట రాయడానికి రెండు కాగితాలు చింపాను, మూడోదాంట్లో కూడా అదే వచ్చింది. నా పేరు, నాయన పేరు ఆ సైటులోంచి తీసెయ్. గొంతు ఎట్లాగూ తీయలేవు.

నిన్న పొద్దున నాయన నన్ను మందకు రమ్మన్నాడు. "ఈ పిల్లలకు ఇంగా ఏ కేకా తెలీదు. నాది ఇంక ఊరందరిదాయ. నువ్వొకటి ఎయ్యి, నీది నేర్చుకుంటాయి" అన్నాడు. మా ఇంట్లో ఆడపిల్లకు కేక ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఇంకొక విధంగా వచ్చి ఉంటే ఎంత సంతోషపడేదాన్నో.

ఇసుకలో నిలబడి పిలిచాను. గొంతు పగిలేదాకా పిలిచాను. ఒక్క పిల్ల కూడా తల ఎత్తలేదు. డబ్బా కొట్టడం ఆపి, నాయన ఒక్కడే తిరిగి చూశాడు.

కుసుమ